అదే సినిమా.. అరగంట కలిస్తే టాక్ మారిపోతుందా? ఎక్స్‌టెండెడ్ కట్ కథేంటి?

థియేటర్‌లో "కథేం అర్థం కాలేదు" అనిపించిన సినిమా.. ఎక్స్‌టెండెడ్ కట్ చూశాక "బాగానే ఉందే" అనిపించొచ్చు. దీనికి సూపర్‌హీరో సినిమాల్లో మంచి ఉదాహరణ జాక్ స్నైడర్ తీసిన ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’.

2016 మార్చిలో రిలీజైన థియేటర్ కట్ నిడివి 2 గంటల 31 నిమిషాలు. ఓపెనింగ్స్ అదిరినా, క్రిటిక్స్ ఏకిపారేశారు. రెండో వీకెండ్‌కి అమెరికాలో వసూళ్లు దారుణంగా పడిపోయాయి. జూన్ చివర్లో డిజిటల్‌గా వచ్చిన ‘అల్టిమేట్ ఎడిషన్’ 3 గంటలు దాటింది.

ఏం మారింది? (స్పాయిలర్లు ఉన్నాయి)

* ఆఫ్రికా సీన్: తుపాకులతో జరిగిన హత్యలకు సూపర్‌మ్యాన్‌ను ఎందుకు తప్పుబడుతున్నారో థియేటర్ కట్‌లో సరిగా తెలియదు. పెద్ద కట్‌లో కిరాయి సైనికులు శవాలను తగలబెడతారు. నేరం అతడి మీదకు నెట్టడానికే ఇదంతా.
* సాక్షి: సూపర్‌మ్యాన్‌పై సాక్ష్యం చెప్పిన మహిళ వెనుక ఉన్నది లెక్స్ లూథరే అని బయటపడుతుంది.
* క్లార్క్ కెంట్: రిపోర్టర్‌గా గోథమ్ వెళ్లి బ్యాట్‌మ్యాన్ గురించి ఆరా తీస్తాడు. అతడిపై కోపం ఎందుకో అప్పుడు అర్థమవుతుంది.
* పేలుడు: బాంబు పెట్టిన వీల్‌చైర్‌కు సీసం వాడారు. అందుకే సూపర్‌మ్యాన్ దాన్ని కనిపెట్టలేకపోయాడు.

అంటే కలిసింది కొత్త ఫైట్లు మాత్రమే కాదు.. "ఎందుకు?" అనే ప్రశ్నలకు సమాధానాలు. టాక్ మెరుగవడానికి అసలు కారణం ఇదే.

ఏం మారలేదు?

బ్యాట్‌మ్యాన్ మనుషుల్ని చంపడం, సినిమా అంతా సీరియస్‌గా సాగడం అలాగే ఉన్నాయి. అవి నచ్చనివాళ్లకు ఈ కట్ ఇంకో అరగంట భారమే! పైగా పెద్ద కట్ వెతుక్కుని చూసేది ఎక్కువగా ఆ సినిమాపై ఇష్టం ఉన్నవాళ్లే. కాబట్టి వచ్చే పాజిటివ్ టాక్‌లో వాళ్ల అభిమానం వాటా కూడా ఉంటుంది. ఇక థియేటర్‌లో పోయిన వసూళ్లు తిరిగి రావు.

‘జస్టిస్ లీగ్’ సంగతి వేరు

2017లో 2 గంటలున్న ‘జస్టిస్ లీగ్’.. 2021 మార్చి 18న 4 గంటల స్నైడర్ కట్‌గా వచ్చి మెరుగైన రివ్యూలు తెచ్చుకుంది. అయితే ఇది సీన్లు కలిపిన వెర్షన్ మాత్రమే కాదు. స్నైడర్ తప్పుకున్నాక జాస్ వీడన్ తీసిన సీన్లను పక్కనపెట్టి, సైబోర్గ్ కథను మధ్యలోకి తెచ్చి మళ్లీ కట్టిన సినిమా.

సో.. ఈ సినిమాలు చూసేముందు రన్‌టైమ్ ఒకసారి చెక్ చేసుకోండి. మీ ఫ్రెండ్ తిట్టిన సినిమా, మీరు మెచ్చుకుంటున్న సినిమా ఒకటే కాకపోవచ్చు!