సారా పద్దులో పడ్డ తిండిపువ్వు

ఒక పువ్వు మీద చట్టం తెచ్చిన సర్కారు ఉంది. 1892లో బొంబాయి ప్రెసిడెన్సీ ప్రభుత్వం ‘మౌరా చట్టం’ చేసింది. మౌరా అంటే మన ఇప్పపువ్వే. ఠాణే, కొలాబా జిల్లాల్లో దాన్ని ఏరుకోవడం మీద, దాచుకోవడం మీద, అమ్ముకోవడం మీద ఆంక్షలు పెట్టారు. ఇంట్లో సారా కాచుకునే వీలు లేకపోతే జనం లైసెన్సు దుకాణానికే వస్తారని, ఖజానా నిండుతుందని లెక్క వేశారు. అది బీదల తిండి, పశువుల మేత అని మొత్తుకున్నవాళ్లు లేకపోలేదు. వాళ్ల మాట నెగ్గలేదు.

ఆ చట్టం నిజాం రాజ్యానికి వర్తించలేదు. దాని వెనకున్న చూపు మాత్రం గోదావరి దాకా వచ్చింది. ఇప్పపువ్వు అనగానే ఈనాటికీ పట్నంలో సగం మందికి సారా గుర్తొస్తుంది. ఉట్నూర్, జైనూర్, సిర్పూర్, తిర్యాణి అడవుల్లో తరతరాలుగా అది పొయ్యి మీదికి ఎక్కిన తిండి అన్న సంగతి మరుగున పడిపోయింది.

ఇప్పచెట్టు మార్చి, ఏప్రిల్ నెలల్లో పూస్తుంది. ఆకు రాలిపోయిన కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మొగ్గలు వస్తాయి. తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, మీగడరంగు పూలు టపటపా రాలతాయి. రేకుల్ని ఒక్కొక్కటిగా విప్పే పువ్వు కాదిది. కండపట్టి, రసం నిండి, నోట్లో వేసుకుంటే పండులాగే ఉంటుంది. పొద్దెక్కేలోపు ఏరుకోవాలి. ఆలస్యమైతే ఎండకు వాడుతుంది, పశువులు తినేస్తాయి. అన్నిటికంటే పెద్ద పోటీదారు ఎలుగుబంటి. దానికి ఇప్పపువ్వంటే ప్రాణం. మసక వెలుతురులో ఒకే చెట్టు కింద మనిషీ ఎలుగూ ఎదురుపడటం మధ్యభారతపు అడవుల్లో ఎప్పుడూ ఉన్న ప్రమాదమే.

ఏరిన పువ్వును గంపల్లో ఇంటికి తెచ్చి ఎండబెడతారు. కొన్ని రోజుల్లో అది ముడుచుకుపోయి ఎర్రటి గోధుమరంగుకు తిరుగుతుంది, కిస్‌మిస్‌కు దగ్గరి చుట్టమా అనిపిస్తుంది. ఎండిన పువ్వు బరువులో దాదాపు సగం, ఒక్కోసారి అంతకు మించి, చక్కెరలే. చెరకు పండని, బెల్లం కొనలేని ఊళ్లకు ఇంత తీపిని అడవి పైసా అడగకుండా ఇచ్చింది. పూలు అయిపోయాక కాయలు వస్తాయి. గింజల్ని ఆడించి ఇప్పనూనె తీస్తారు. చలికాలంలో అది నెయ్యిలా గడ్డకడుతుంది. కూరకూ దీపానికీ అదే నూనె. మిగిలిన పిండిలో చేపలకు పడని గుణం ఉంది, అందుకే కుంటల్లో చల్లి చేపలు పట్టేవారు. ఒక్క చెట్టులో తీపి, నూనె, వేట మందు అన్నీ దొరికినప్పుడు దాన్ని నరకాలని ఎవరికి మనసొప్పుతుంది? పొలం మధ్యలో ఉన్నా ఇప్పచెట్టును అలాగే వదిలేసి చుట్టూ దున్నుకోవడం ఇక్కడి రివాజు.

ఈ పువ్వుకు గోదావరితో ఉన్న బంధుత్వం రెండువేల ఏళ్ల నాటిది. నదికి ఇటు పాత కరీంనగర్ జిల్లా, అటు పాత ఆదిలాబాద్. కరీంనగర్ ఒడ్డున, ఇప్పటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో శాతవాహనుల తొలి రాజుగా చెప్పే సిముకుడి నాణేలు దొరికాయి. అదే వంశానికి చెందిన హాలుడి పేరు మీద ప్రాకృతంలో కూర్చిన గాథాసప్తశతిలో గోదావరి తీరపు ఇప్పచెట్లు కనిపిస్తాయి, పూలు ఏరడానికి వెళ్లే ఆడవాళ్లు కనిపిస్తారు. ఇప్పపూల కాలం ఆ కవులకు ప్రేమికులు కలుసుకునే కాలం కూడా. పొద్దున్నే ఒంటరిగా చెట్టుకిందికి వెళ్లడానికి అంతకంటే మంచి సాకు ఏముంటుంది! రాజుల శాసనాలకు ఎక్కని పల్లె పని ఒకటి ఇలా కవిత్వం దయతో మిగిలింది.

అక్కడి నుంచి ఒక్కసారిగా ఇరవయ్యో శతాబ్దానికి వద్దాం. ఈ అడవుల గోండుల బతుకును దగ్గర నుంచి చూసి రాసినవాడు పరాయి దేశస్తుడు కావడం ఒక చిత్రం. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి భారతదేశంలో ఉన్నాడు. శత్రుదేశపు పాస్‌పోర్టు కావడంతో హైదరాబాద్ రాజ్యం దాటి పోలేకపోయాడు. 1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల అసంతృప్తి ఎక్కడి నుంచి పుట్టిందో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు వచ్చింది. హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఆ పని మీద మార్లవాయి అనే గోండు ఊళ్లో ఉంటూ గోండుల బతుకును ఏడాది పొడవునా చూశారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆయన పుస్తకం ‘ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో లండన్‌లో అచ్చయింది. 1987లో కన్నుమూసిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది.

హైమన్‌డార్ఫ్ కాలం నాటి గోండు ఇంట ప్రధానమైన తిండి జొన్న. కోత అయిపోయి, గరిసెలో గింజ అడుగంటే ఎండాకాలంలో ఇప్పపువ్వు అక్కరకొచ్చేది. ఎండిన పూలను నానబెట్టి ఉడికిస్తే చిక్కటి తీపి ముద్ద తయారవుతుంది. అందులో జొన్నపిండి కలిపి రొట్టె తట్టుకోవచ్చు, గటకలో కలుపుకోవచ్చు. దోరగా వేయించి దంచి, పల్లీలతోనో నువ్వులతోనో ఉండలు కట్టుకోవచ్చు. కొత్తగా వచ్చిన ఫలం ఏదైనా ముందు పెన్‌కు, అంటే ఇలవేల్పుకు, పెట్టి ఆ తర్వాతే తినడం గోండుల ఆచారం. దేవుడికి చేసే మొక్కులో ఇప్పసారా చుక్క కూడా ఉండేది. పుట్టుకకు, పెళ్లికి, చావుకు అది కావాలి. తిండి, తీర్థం రెండూ ఒకే గంపలోంచి వచ్చేవి. వాటిని విడదీసి చూడాలన్న అవసరం వాళ్లకు ఎన్నడూ రాలేదు.

విడదీసింది అబ్కారీ, అంటే సారా మీద పన్ను వసూలు చేసే శాఖ. హైదరాబాద్ రాజ్యపు ఆదాయంలో కల్లు, ఇప్పసారా మీద వచ్చే రాబడి పెద్ద పద్దు. హరాజు పాడుకున్న గుత్తేదారుకు తన ఇలాకాలో ఎవరి ఇంట పొయ్యి మీద కుండ ఎక్కినా నష్టమే. అలా ఇంట్లో కాచుకోవడం నేరమైంది. మూలన మూట కట్టి దాచుకున్న పువ్వు అనుమానాస్పద వస్తువైంది. అది రేపటి రొట్టె కోసమా, సారా కోసమా అని విడమరచి అడిగే తీరిక అబ్కారీ జవానుకు ఎక్కడిది? అడవి రిజర్వు కావడం, భూములకు పట్టాలు బయటివాళ్ల పేర్ల మీద పడటం, పశువుల మేత మీద పన్నులు, వీటి పక్కనే ఈ చిన్న వేధింపునూ చేర్చి చదివితేనే జోడేఘాట్ వెనకున్న కోపం పూర్తిగా అర్థమవుతుంది.

శాస్త్రవేత్తల కన్ను కూడా మొదట సీసా మీదే పడింది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో గిల్బర్ట్ ఫౌలర్ బృందం ఇప్పపువ్వు జీవరసాయన శాస్త్రం మీద 1920లో పరిశోధన ప్రచురించింది. పులియబెడితే ఎంత ఆల్కహాల్ వస్తుందన్నది ఆ కాలపు పెద్ద ప్రశ్న. పిల్లలకు పెడితే ఎంత బలం అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది.

స్వాతంత్ర్యం తర్వాత 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయం కొనడం మొదలుపెట్టింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా ఫలసాయం ఏరుకుని అమ్ముకునే హక్కును అడవి బిడ్డలకు రాసిచ్చింది. కాగితం మీద ఇది పెద్ద మలుపే. కానీ పువ్వును పచ్చి సరుకుగానే అమ్మినంత కాలం లాభం సంతలో తూకం వేసేవాడిదే.

ఆ లెక్క కొంచెం కదిలింది ఉట్నూర్‌లో. అక్కడి భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం సభ్యులు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు. శుభ్రం చేసి వేయించిన పువ్వు, పల్లీలు, నువ్వులు, బెల్లం కలిసిన ఆ లడ్డూలో అమ్మమ్మల ఉండే ఉంది. కొత్తగా వచ్చి చేరినవి మిక్సీ, తూకం, డబ్బా. రక్తహీనతతో బాధపడే గిరిజన గర్భిణులకు, ఆశ్రమ పాఠశాలల పిల్లలకు పోషకాహారంగా ఈ లడ్డూలు అందుతున్నాయి. 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది నాడు, ప్రధాని నరేంద్ర మోదీ ‘మన్ కీ బాత్’లో ఆదిలాబాద్ మహిళల ఇప్పపూల వంటకాల గురించి మాట్లాడారు. మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లా రాజాఖోహ్ గ్రామంలో మహిళలు ఇదే పువ్వుతో కుకీలు కాలుస్తున్న సంగతి కూడా ఆ ప్రసంగంలోదే. అంటే ఇప్పపువ్వు ఓవెన్‌లోకి కూడా వెళ్లింది.

ఈ మెచ్చుకోలులో ఒక చిక్కుంది. ‘సారాకే పనికొచ్చే పువ్వుతో లడ్డూ చేశారు’ అని వార్తలు మురిసిపోతాయి. వంద ఏళ్ల కిందటి అబ్కారీ పద్దును తెలియకుండానే నమ్మినట్టు కదా ఇది. లడ్డూ గొప్పదని చెప్పడానికి గోండుల మొక్కులో సారా చుక్కను తక్కువ చేయాల్సిన పని లేదు. పులిసిన ద్రాక్షను మెచ్చుకునే నాలుకలు పులిసిన ఇప్పను చూసి ముడుచుకోవడానికి కారణం రుచి కాదు, తాగేది ఎవరన్నదే.

ఈ కథకు జోడు కథ ఒకటి అట్లాంటిక్ అవతల ఉంది. బ్లూబెర్రీ కూడా అడవి ఫలమే. ఉత్తర అమెరికా మూలవాసులు దాన్ని ఎండబెట్టి మొక్కజొన్న పిండిలో కలిపి వండుకునేవారు. వలస వచ్చిన యూరప్ వాళ్లు ఆ పళ్లను తమ పిండివంటతో కలిపారు. ఓవెన్ లేని బాటసారి పొయ్యిల మీద, మందపాటి ఇనుప గిన్నెలో అడుగున పళ్లు పోసి, పైన మెత్తటి పిండి ముద్దలు పరిచి, మూత మీద కూడా నిప్పులు వేసి కాల్చారు. హైదరాబాద్ దమ్ బిర్యానీ గిన్నె మీద నిప్పులు పెట్టినట్టే. దానికి కాబ్లర్ అని పేరొచ్చింది. అడవి బ్లూబెర్రీ తోటకు ఎక్కింది 1916లో. న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్‌లో ఎలిజబెత్ వైట్, వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ కలిసి తొలి సాగు పంట అమ్మారు. పెద్ద పండు కాసే పొదలు ఏవో వైట్‌కు చూపించింది అడవిలో పళ్లు ఏరే మనుషులే. కొన్ని రకాలకు వాళ్ల పేర్లే పెట్టారు. ఏ ఇప్పచెట్టు పువ్వు తీపో చెప్పగల ఆడవాళ్లు తిర్యాణిలో, జైనూర్‌లో ఇప్పుడూ ఉన్నారు. వాళ్ల పేరు మీద ఇప్ప రకం ఒక్కటైనా వచ్చిందని ఎవరూ వినలేదు.

అమెరికా బ్లూబెర్రీ ఇప్పుడు హైదరాబాద్ సూపర్‌మార్కెట్‌లో చిన్న డబ్బాలో, పెద్ద ధరకు దొరుకుతోంది. ఇంట్లో కాబ్లర్ చేయాలన్న సరదా ఉన్నవాళ్లకు అంత ఖర్చు అక్కర్లేదు. ఏప్రిల్‌లో ఎండబెట్టిన ఇప్పపువ్వు ఉండగానే జూన్‌లో కరీంనగర్ బజారుకు నేరేడుపళ్లు దిగుతాయి. బ్లూబెర్రీలోని తీపి ఇప్పలో ఉంది, పులుపూ ఊదారంగూ నేరేడులో ఉన్నాయి. గింజ తీసిన నేరేడు గుజ్జు రెండు కప్పులకు, నానబెట్టి తరిగిన ఇప్పపువ్వు ఒక కప్పు సరిపోతుంది. చిటికెడు ఉప్పు వేసి కాసేపు ఉడికిస్తే నేరేడు వగరు తగ్గుతుంది. చక్కెర వేయనక్కర్లేదు. పైన పరిచే పిండికి జొన్న ఒక్కటే అయితే జిగురు లేక విరిగిపోతుంది, కాబట్టి అరకప్పు జొన్నపిండికి అరకప్పు గోధుమపిండి కలపాలి. చెంచాడు బేకింగ్ పౌడర్, నాలుగు చెంచాల వెన్న, అరకప్పు పాలు వేసి జారుగా కాకుండా ముద్దగా కలిపి, ఉడికిన పళ్ల మీద చెంచాతో అక్కడక్కడ వేయాలి. 180 డిగ్రీల వేడిలో సుమారు 40 నిమిషాలకు పైన ఎర్రగా కాలుతుంది, అంచుల్లోంచి ఊదారంగు రసం పొంగుతుంది. ఓవెన్ లేకపోతే మందపాటి గిన్నె, మూత మీద నిప్పులు చాలు. ఇప్పపువ్వు లోపలి సన్నటి కేసరాలను మాత్రం ముందే ఓపిగ్గా దులిపి తీసేయాలి. ఆ పని ఎగ్గొడితే తీపి వంట కాస్తా పంటికింద నలుసులా తగులుతుంది. ఉట్నూర్ లడ్డూల కోసం కూర్చున్న ఆడవాళ్ల చేతులకు ఎక్కువ పని పెట్టేదీ అదే.