ఇంజనీరింగ్‌లో పై తరగతికి అర్హత: హాజరు, క్రెడిట్ల నిబంధనలు

హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిధిలోని బి.టెక్. విద్యార్థులు పై సెమిస్టర్‌కు వెళ్లుటకు హాజరు, క్రెడిట్లు ప్రాతిపదికగా ఉన్నాయి. 2022-23 విద్యా సంవత్సరంలో ప్రవేశపెట్టిన ఆర్-22 నిబంధనల ప్రకారం వివరాలు ఇలా ఉన్నాయి.

హాజరు: ప్రతి సెమిస్టర్‌లో అన్ని సబ్జెక్టులు కలిపి 75 శాతం హాజరు ఉండాలి. అనారోగ్యం వంటి సహేతుకమైన కారణాలను ఆధారాలతో చూపినవారికి 65 శాతం వరకు మినహాయింపు లభించవచ్చు. హాజరు 65 శాతం కంటే తగ్గినచో మినహాయింపు లేదు. అట్టివారికి ఆ సెమిస్టర్ పరీక్షలు రాసే అర్హత ఉండదు. వారు ఆ సెమిస్టర్‌ను తిరిగి నిర్వహించినపుడు మరల చేరి చదువవలసి ఉంటుంది.

క్రెడిట్లు: ఒకే సంవత్సరంలో మొదటి సెమిస్టర్ నుండి రెండవ సెమిస్టర్‌కు వెళ్లుటకు క్రెడిట్ల నిబంధన వర్తించదు. సంవత్సరం మారునపుడే వాటిని లెక్కిస్తారు. రెండవ సంవత్సరంలో ప్రవేశానికి 40 క్రెడిట్లకు కనీసం 20, మూడవ సంవత్సరానికి 80కి 48, నాల్గవ సంవత్సరానికి 120కి 72 సాధించి ఉండాలి. సప్లిమెంటరీ పరీక్షల ద్వారా పొందిన క్రెడిట్లను కూడా ఇందులో పరిగణనలోకి తీసుకుంటారు.

గమనించవలసిన అంశం: తప్పిన సబ్జెక్టును సప్లిమెంటరీలో ఉత్తీర్ణులై పూర్తి చేసుకొనవచ్చును. హాజరు లోటును పూడ్చుకొనుటకు అట్టి పరీక్ష ఏదీ లేదు. కావున మొదటి సెమిస్టర్‌లో కొన్ని సబ్జెక్టులు తప్పిన విద్యార్థులు నిరాశతో తరగతులకు దూరమైనచో, పోగొట్టుకొనేది ఆ సబ్జెక్టులను కాదు, ఒక విద్యా సంవత్సరాన్ని.