ఈటింగ్ డిజార్డర్లు: నిర్ధారణ, చికిత్సల చరిత్ర

తిండి దొరక్క తినకపోవడం వేరు, ఒంట్లో బాగాలేక సహించకపోవడం వేరు, ఆకలి వేస్తున్నా తినకూడదని పట్టుబట్టడం వేరు. ఈ మూడోదాన్ని మొదటి రెంటి నుంచి విడదీసి ఒక జబ్బుగా గుర్తించడానికి యూరప్ వైద్యులకు దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. ఈటింగ్ డిజార్డర్లు అనే మాట కింద ఇవాళ ముఖ్యంగా మూడింటిని చెబుతారు. లావెక్కుతామన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోవడం అనొరెక్సియా నెర్వోసా. అదుపు తప్పి తినేసి, దాన్ని వాంతితోనో మరో విధంగానో వదిలించుకోవాలని చూడడం బులీమియా నెర్వోసా. అలా తినడమే తప్ప వదిలించుకునే ప్రయత్నం లేనిది బింజ్ ఈటింగ్ డిజార్డర్.

వీటిలో మొదటిదానికి పెట్టిన పేరే సరైనది కాదు. గ్రీకులో అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవడం. ఈ రోగులకు చాలాకాలం ఆకలి ఉంటుంది, దానితో వాళ్లు పోరాడుతుంటారు. ఆ గ్రీకు మాటకు అసలైన జోడీ మన ఆయుర్వేదంలోని అరోచకం. దాని కారణాల్లో శోకం, భయం, క్రోధం కూడా ఉన్నాయని చరక సంహిత చెబుతుంది. అయితే అక్కడి మాట నోటికి రుచించకపోవడం గురించే గానీ, కావాలని మానేయడం గురించి కాదు.

క్షయ అనుకున్న జబ్బు

లండన్ వైద్యుడు రిచర్డ్ మోర్టన్ 1689లో క్షయ మీద లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. దగ్గు, జ్వరం, ఊపిరితిత్తుల జబ్బు ఏవీ లేకుండానే శల్యమైపోయిన ఇద్దరి సంగతి అందులో ఉంది. ఒకరు 1684లో జబ్బుపడిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి. ఎముకల గూడుగా మారినా రాత్రీ పగలూ పుస్తకాలు వదిలేది కాదట. మందులతో విసిగి వాటిని మానేసి, మూడు నెలల్లో చనిపోయింది. రెండోవాడు ఒక మతబోధకుడి కొడుకు, పదహారేళ్లవాడు. మోర్టన్ అతని చేత చదువు మాన్పించి, పల్లెగాలికి పంపి, గుర్రపుస్వారీ, పాలు పురమాయించాడు. కుర్రాడు చాలావరకు తేరుకున్నాడు. రికార్డుకెక్కిన తొలి ఇద్దరిలో ఒకడు మగపిల్లాడన్న విషయాన్ని వైద్యలోకం ఎంతగా మరిచిపోయిందంటే, నెలసరి ఆగిపోవడమనే షరతును అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథం నుంచి తీసేసింది 2013లోనే.

తినకుండా బతకడాన్ని మహిమగా చూసే రోజులు పందొమ్మిదో శతాబ్దంలోనూ పోలేదు. వేల్స్‌లో సారా జేకబ్ అనే రైతు బిడ్డ రెండేళ్లుగా ఏమీ తినడం లేదని చెప్పుకునేవారు. జనం తండోపతండాలుగా వచ్చి కానుకలు పెట్టిపోయేవారు. 1869 డిసెంబరులో నిజం తేల్చడానికి లండన్ గైస్ ఆసుపత్రి నుంచి నలుగురు నర్సులను పిలిపించి పక్కన కాపలా పెట్టారు. వాళ్లకిచ్చిన పని చూడడమే, తినిపించడం కాదు. డిసెంబరు 17న ఆ పన్నెండేళ్ల పిల్ల వాళ్ల కళ్ల ముందే ప్రాణం విడిచింది. జైలుకు వెళ్లింది మాత్రం తల్లిదండ్రులు ఇద్దరే.

పేరు పుట్టిన ఏడాది

అదే గైస్ ఆసుపత్రికి చెందిన సర్ విలియం గల్, పారిస్ వైద్యుడు షార్ల్ లాసెగ్ 1873లో ఎవరికి వారు ఈ జబ్బును వర్ణించారు. అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు గల్ పెట్టింది. ఆయన వ్యాసంలో ‘మిస్ ఎ’ అనే పదిహేడేళ్ల అమ్మాయి ఉంది. 1866 జనవరిలో ఆయన దగ్గరికి తీసుకొచ్చినప్పుడు ఆమె బరువు 82 పౌండ్లు, అంటే 37 కిలోలు. నాడి నిమిషానికి అరవైకి మించడం లేదు. అయినా ఒక్కచోట కూర్చోదు, అలసట అన్నదే ఎరగదు. రెండేళ్ల తర్వాత బరువు 128 పౌండ్లకు చేరింది. జబ్బుగా ఉన్నప్పటి ముఖాన్ని, కోలుకున్నాక ముఖాన్ని చెక్కబొమ్మలుగా అచ్చు వేయించాడు గల్. మొదటి బొమ్మలో నడివయసు దాటిన మనిషి కనిపిస్తుంది, తర్వాతి దానిలో ఆడపిల్ల. రెండో రోగి ‘మిస్ బి’ని ఆయన దగ్గరికి పంపింది క్షయ అనుమానంతోనే. ఊపిరితిత్తుల్లో ఏమీ దొరకలేదు.

లాసెగ్ చూపు ఇంటి మీద పడింది. పిల్ల తినకపోతే ఇంట్లోవాళ్లకు తెలిసినవి రెండే ఉపాయాలంటాడు: బతిమాలడం, బెదిరించడం. రకరకాల వంటలు చేసి ముందు పెట్టేకొద్దీ ఆకలి ఇంకా ముడుచుకుపోతుంది, చివరికి ఇల్లంతా ఆ పళ్లెం చుట్టూ తిరుగుతుంది. ఇంత బాగా గమనించినవాళ్ల నుంచి వచ్చిన చికిత్స మాత్రం కుటుంబాన్ని దూరం పెట్టడమే. రోగిని కనిపెట్టుకుని ఉండడానికి బంధుమిత్రుల కన్నా పనికిరానివాళ్లు లేరన్నాడు గల్. పారిస్‌లోనే నాడీవైద్యుడు షార్కో అయితే తల్లిదండ్రులు ఊళ్లో ఉన్నంతసేపూ వైద్యం మొదలుపెట్టేవాడు కాదు.

పక్కదారి, ఆపై మినెసోటా

1914లో జర్మనీ వైద్యుడు మోరిస్ సిమండ్స్, పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్న ఒక రోగి గురించి రాశాడు. దాంతో చిక్కిపోయిన ప్రతి ఆడపిల్లకూ గ్రంథి లోపమే ఉందనుకుని ఇరవై ముప్పై ఏళ్లపాటు పిట్యూటరీ సారం ఎక్కించారు. గ్రంథి దెబ్బతిన్నవాళ్లు అంతగా బక్కచిక్కిపోరని తేలేదాకా ఆ వైద్యం సాగింది.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన ప్రయోగం ఈ జబ్బు గురించి చేసింది కాదు. రెండో ప్రపంచయుద్ధంలో కరువు పాలైన యూరప్ జనానికి మళ్లీ తిండి ఎలా పెట్టాలో తెలుసుకోవాలని 1944–45లో మినెసోటా విశ్వవిద్యాలయంలో శరీరశాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఎంచుకున్నాడు. తుపాకీ పట్టబోమని ప్రకటించి, స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు వాళ్లు. 24 వారాలు సగం తిండితో ఉంచితే బరువులో నాలుగోవంతు తగ్గారు. తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగుచేశారు, కాస్త అన్నాన్ని గంటల తరబడి నంజుకుంటూ తిన్నారు, పళ్లేలు నాకారు. చిరాకు, దిగులు, నలుగురిలో కలవలేకపోవడం వచ్చాయి. కొందరు కడుపు నిండా పెట్టాక కూడా ఆపుకోలేక తిన్నారు. అంతవరకూ రోగి స్వభావం అనుకున్నవాటిలో చాలా భాగం ఉత్త ఆకలి చేసే పని అని తేలింది. ముందు తిండి, తర్వాతే మనసులోతుల తవ్వకం అన్న నేటి వైద్యక్రమానికి ఆధారం ఇదే.

ఆ తిండి పెట్టడంలోనూ ప్రమాదం ఉంది. మాడిన ఒంట్లో ఒక్కసారిగా పిండిపదార్థం పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పుతుంది. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే బాగా చిక్కిన రోగికి ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తూ, ఈసీజీ చూస్తూ తిండి పెంచుతారు.

కొలబద్దలు

అమెరికాలో స్థిరపడిన మానసిక వైద్యురాలు హిల్డె బ్రూక్ 1960ల నుంచి ఈ రోగులు అద్దంలో తమను తాము ఎలా చూసుకుంటారన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది. లండన్‌లో మానసిక వైద్యుడు జెరాల్డ్ రసెల్ 1979లో 30 మంది రోగుల ఆధారంగా బులీమియా నెర్వోసాను విడిగా వర్ణించాడు. వీళ్ల బరువు చాలావరకు మామూలుగానే ఉంటుంది, కాబట్టి చూసేవాళ్లకు ఏమీ తెలియదు. వేళ్ల కణుపుల మీద పళ్లు రాసుకుని ఏర్పడే కాయలను ఆయనే గుర్తించాడు. వాటిని ఇప్పటికీ రసెల్ చిహ్నం అంటారు.

ఆ తర్వాత కథంతా బరువు గీతను ఎక్కడ గీయాలన్నదే. అమెరికా గ్రంథం 1980లో శరీర బరువులో 25 శాతం తగ్గితేనే అనొరెక్సియా అంది. 1987లో దాన్ని 15కు దించింది. 2013లో అంకె తీసేసింది, బింజ్ ఈటింగ్‌కు సొంత గుర్తింపు ఇచ్చింది. గీతకు అవతల పడినవాళ్లకు అన్నాళ్లూ జబ్బు లేదని కాదు, పేరు లేదు. 1983లో గాయని కారెన్ కార్పెంటర్ 32 ఏళ్లకే గుండె ఆగి చనిపోయాక గానీ సాధారణ జనానికి ఈ మాటే తెలియలేదు.

ఇంకొక్క ముద్ద

బయటికి గెంటిన కుటుంబాన్ని మళ్లీ లోపలికి పిలిచింది లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రి. రసెల్, క్రిస్టఫర్ డేర్, ఐవన్ ఐస్లర్ తదితరులు 1987లో ప్రచురించిన 80 మంది రోగుల అధ్యయనంలో, చిన్నవయసులో జబ్బు మొదలై మూడేళ్లు దాటనివారికి విడి కౌన్సెలింగ్ కన్నా కుటుంబ చికిత్స మేలు చేసింది. ఆ పద్ధతిలో రెండోసారి వచ్చేటప్పుడు ఇంటి నుంచి భోజనం కట్టుకు రమ్మంటారు. వైద్యుడి ఎదుటే అందరూ తింటారు. అమ్మాయి ఇక చాలని చేయి వెనక్కి తీసుకున్న చోట, అమ్మానాన్నలు కలిసికట్టుగా ఇంకొక్క ముద్ద తినిపించాలి. అంతే పని. ఆ ఒక్క ముద్దకు అరగంట పట్టవచ్చు, ఏడుపులూ ఉండవచ్చు. తప్పు తల్లిదండ్రులది కాదు, బాధ్యత మాత్రం కొన్నాళ్లు వాళ్లదే అన్నది దాని సూత్రం. లాసెగ్ చెప్పిన బతిమాలడం, బెదిరించడం రెండూ ఇందులో లేవు.

పెద్దవారికి ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ 1980ల నుంచి రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (సీబీటీ) ముఖ్యమైనది. సాధారణంగా ఇరవై సిట్టింగులు, బరువు బాగా తక్కువైతే నలభై. మందుల వాటా చిన్నది. బులీమియాకు ఫ్లూయోక్సెటిన్ రోజుకు 60 మిల్లీగ్రాముల దాకా వాడతారు. అనొరెక్సియాకు ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు నేటికీ లేదు. పరిశోధనలను గుదిగుచ్చి 2011లో చేసిన విశ్లేషణ ప్రకారం, అనొరెక్సియాతో చనిపోయినవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరిది ఆత్మహత్య.

మన దగ్గర

ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 1995లో ఐదుగురు యువతుల గురించి రాశారు. తినరు, వాంతులు, బరువు పడిపోయింది, నెలసరి ఆగింది. కానీ లావుగా ఉన్నామన్న భ్రమ వాళ్లలో కనిపించలేదు. హాంకాంగ్‌లో మానసిక వైద్యుడు సింగ్ లీ కూడా అలాంటి రోగులనే వర్ణించాడు. లావు భయం లేనిదే అనొరెక్సియా కాదన్న సూత్రం అన్ని దేశాలకూ సరిపోదని అలా తేలింది. మన రోగి మొదట వెళ్లేది మానసిక వైద్యుడి దగ్గరికి కాదు. ‘అన్నం లోపలికి పోవడం లేదు, కడుపుబ్బరం’ అంటూ కడుపు డాక్టరు దగ్గరికి వెళ్తుంది. ఆయన క్షయ, థైరాయిడ్, షుగర్ పరీక్షలు రాస్తాడు. అవి రాయాల్సినవే కూడా.

ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే బీఎంఐ కొలత ఇక్కడ ఇంకాస్త తికమక పెడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో 18.7 శాతం మంది బీఎంఐ 18.5 లోపే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో వ్యాధుల వర్గీకరణ పెద్దవారిలో అనొరెక్సియాకు పెట్టిన గీత కూడా అదే. తిండి దొరకకపోవడం వల్ల తగ్గిన బరువు ఇందులోకి రాదని ఆ వర్గీకరణ విడిగా రాయాల్సి వచ్చింది.

ఈ జబ్బులను పసిగట్టడానికి డాక్టర్ల చేతికి 1999లో బ్రిటన్‌లో ఐదే ప్రశ్నల స్కాఫ్ పరీక్ష వచ్చింది. ఇంగ్లీషు వాడుకలో ఆ మాటకు ఆబగా తినడమని అర్థం. రెండింటికి అవునంటే లోతుగా చూడాలి. అందులో ఒకటి: నలుగురూ సన్నగా ఉన్నావంటున్నా నీకు లావుగా ఉన్నట్టే అనిపిస్తుందా? తెలుగింట్లో ఈ ప్రశ్న అడగడం తేలిక కాదు. ఊరి నుంచి వచ్చిన మేనత్త గుమ్మంలోనే ‘ఏమే, ఇలా చిక్కిపోయావు’ అనడం ఇక్కడ పలకరింపు.