గనినుండి కామన్స్ సభకు: థామస్ బర్టు

ఇంగ్లండు ఈశాన్యభాగమున నున్న నార్తంబర్లండు మండలం నేలబొగ్గుకు ప్రసిద్ధి. అచ్చట ఒక గనికార్మికుని ఇంట 1837లో థామస్ బర్టు జన్మించాడు. పదేండ్లు నిండని బాలురను భూగర్భంలో పనికి పెట్టరాదని 1842లో చట్టం వచ్చింది. పదేండ్ల ప్రాయంలోనే బర్టు గనిలో దిగాడు. గాలిని అదుపుచేసే తలుపుదగ్గర చీకటిలో కూర్చుండి, బొగ్గుబండి వచ్చినప్పుడు తెరచి, పోగానే మూయటం అతని మొదటి పని. బడిచదువు స్వల్పం, తక్కినదంతా పని ముగిసిన పిమ్మట తనంతట తాను సంపాదించుకొన్నదే.

1865లో నార్తంబర్లండు గనికార్మిక సంఘం అతనిని కార్యదర్శిగా ఎన్నుకొన్నది. 1874లో మార్పెత్ నియోజకవర్గంలో అతనికి 3,332 ఓట్లు, ప్రత్యర్థికి 585 ఓట్లు వచ్చాయి. ఆ యేడే స్టాఫర్డునుండి మరొక గనికార్మికుడు అలెగ్జాండర్ మక్డానల్డు గెలిచాడు. కార్మికులు కామన్స్ సభలో అడుగిడటం అదే ప్రథమం. సభ్యులకు ప్రభుత్వ వేతనం 1911వరకు లేదు; బర్టును పోషించినది గనికార్మికుల చందాలే.

ఎనిమిదిగంటల చట్టం విషయంలో అతని వైఖరి నేటి పాఠకునికి వింతగా తోస్తుంది. దేశంలోని తక్కిన గనికార్మికులలో పెక్కుమంది కోరిన ఆ చట్టాన్ని గనినుండి వచ్చిన బర్టే వ్యతిరేకించాడు. కారణం లేకపోలేదు. నార్తంబర్లండులో బొగ్గు తవ్వేవారి పని ఇంచుమించు ఏడుగంటలే. రెండు షిఫ్టుల తవ్వకందార్లకు ఒకే జట్టు బాలురు బండ్లు నడుపుతూ పదిగంటలు శ్రమించేవారు. బాలుర గంటలు తగ్గిస్తే ఆ ఏర్పాటంతా తారుమారవుతుంది. పెద్దవారి పనిగంటలను సంఘబలమే నిర్ణయించాలిగాని శాసనం కాదని బర్టు వాదించాడు. వాదం నిజాయితీగలదే, కాని తలుపుదగ్గర కూర్చున్న బాలుని పక్షం అందులో బలహీనమయిందని ఒప్పుకోక తప్పదు.

1892నుండి 1895వరకు వాణిజ్యశాఖలో పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశాడు. 1909లో గనికార్మికుల సమాఖ్య లేబరుపార్టీలో చేరినా అతడు చేరలేదు. లిబరలుగానే 1918వరకు సభలో ఉన్నాడు. 1922లో మరణించాడు.

ఎనిమిదిగంటల చట్టం 1908లో రానేవచ్చింది. 1910 ఆరంభంలో నార్తంబర్లండు యజమానులు మూడు షిఫ్టుల పద్ధతి ప్రవేశపెట్టగా, కార్మికులు సమ్మెకట్టారు. బర్టు సభలో సుదీర్ఘకాలం కొనసాగిన సభ్యుడై, సభాపితామహుడనే గౌరవం పొందినది ఆ యేడే.