ఇంటిపేరు

తెలుగులో 'ఇంటిపేరు' అన్న మాట ఉంది కాని, ఆ ఇంటిని నడిపిన మనిషి పేరు అందులో ఎక్కడా ఉండదు. ఆ మాట గుర్తుపెట్టుకుని న్యూయార్క్ నగరానికి ఉత్తరంగా హడ్సన్ నది ఒడ్డున ఉన్న ఇర్వింగ్టన్ చరిత్ర చదివితే చాలా సంగతులు బయటపడతాయి. నగరంలోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న సంపన్నుల ఊరు అది. 1849లో రైలు వచ్చాక వ్యాపారులు నది పక్కన మేడలు కట్టుకున్నారు. పొద్దున్నే నగరానికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే మగవాళ్ళ ఊరుగా అది పెరిగింది. వాళ్ళు లేని పగటిపూట ఆ ఇళ్ళు ఎలా నడిచాయన్నది చరిత్రలో కనబడదు.

ఊరికి ఆ పేరు రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ మీద గౌరవంతో 1854లో పెట్టారు. టారీటౌన్ సరిహద్దులో ఉన్న ఆయన ఇల్లు 'సన్నీసైడ్'ను మ్యూజియంగా చూపిస్తారు. 1835లో చిన్న రాతి ఇంటిని కొని, తన ఊహకు తగ్గట్టు మార్చుకున్నాడాయన. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఆ ఇల్లు చూసుకున్నది అన్న ఎబెనీజర్ కూతుళ్ళు. రచయితకు దొరికిన ఏకాంతం వెనక వాళ్ళ శ్రమ ఉంది. సాహిత్య చరిత్రలో మాత్రం వాళ్ళు 'మేనకోడళ్ళు' అన్న ఒక్క మాటలో ఇమిడిపోతారు.

అదే బ్రాడ్‌వే రోడ్డు మీద, దారిన పోయే ప్రతివాళ్ళ కంటా పడేట్టు నిలబడిన తెల్లటి మేడ 'విల్లా లెవారో'. 34 గదులు. 1918లో పూర్తయింది. కట్టించింది మేడమ్ సి.జె. వాకర్ అనే నల్లజాతి స్త్రీ. నమూనా గీసింది వెర్ట్‌నర్ టాండీ. న్యూయార్క్ రాష్ట్రంలో గుర్తింపు పొందిన మొదటి నల్లజాతి ఆర్కిటెక్ట్ ఆయనే.

ఆమె అసలు పేరు శారా బ్రీడ్‌లవ్. 1867లో లూసియానాలో పుట్టింది. తల్లిదండ్రులు బానిసత్వం అనుభవించినవాళ్ళు. ఏడేళ్ళకు అనాథ, పద్నాలుగేళ్ళకు పెళ్ళి, ఇరవయ్యేళ్ళకు వితంతువు. దాదాపు ఇరవయ్యేళ్ళు రోజుకు డాలరున్నర కూడా రాని కూలికి ఇతరుల బట్టలు ఉతికింది. తర్వాత తల నూనెల వ్యాపారం పెట్టి, వేలమంది నల్లజాతి స్త్రీలను ఏజెంట్లుగా నిలబెట్టింది. జుట్టు సాపు చేయడమంటే తెల్లవాళ్ళను అనుకరించడమేనన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ విమర్శను పక్కన పెట్టలేం. కాని ఇతరుల వంటిళ్ళు, చాకిరేవులు తప్ప వేరే దారి లేని స్త్రీలకు ఆ ఏజెంటు పని చేతికిచ్చిన డబ్బునీ పక్కన పెట్టలేం.

ఈ మేడ పేరే ఒక పాఠం. కూతురు లీలియా వాకర్ రాబిన్సన్ పేరులోని మూడు ముక్కల మొదటి అక్షరాలు కలిపి 'లెవారో' అన్నారు. ఆ పేరు గాయకుడు ఎన్రికో కరూసో సూచించాడని చెబుతారు. వాకర్ ఆమె మారుతండ్రి పేరు, రాబిన్సన్ భర్త పేరు. మేడ పూర్తయ్యేనాటికి ఆ ఇద్దరితోనూ తల్లీకూతుళ్ళకు విడాకులయ్యాయి. తల్లి వ్యాపారానికి పెట్టుకున్న పేరూ విడిచిపెట్టిన భర్తదే. ఇద్దరు స్త్రీలు కష్టపడి నిలబెట్టిన ఇంటికీ పేరు ఇచ్చింది మగవాళ్ళే! అయితే సొంత పేరు ఇంకోలా వచ్చేది కూడా కాదు. బ్రీడ్‌లవ్ తండ్రిది, మెక్‌విలియమ్స్ మొదటి భర్తది.

1918 ఆగస్టులో ఈ ఇంట్లో నల్లజాతి నాయకులు సమావేశమయ్యారు. 1919 మే నెలలో, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, లించింగ్ వ్యతిరేక ఉద్యమానికి ఆమె 5,000 డాలర్లు ప్రకటించింది. ఒంటరి స్త్రీ ఏం సాధించగలదో తన జాతి పిల్లలకు చూపించాలనే ఆ మేడ కట్టించానంది. ఇతరులు తమ భవనాలను చెట్ల వెనక దాచుకున్న చోట ఆమె రోడ్డుకెదురుగా ఎందుకు కట్టిందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తర్వాతి కథ అంత మెరుపుగా ఉండదు. మాంద్యంలో, 1930లో కూతురు సామాన్లు వేలం వేసింది. 1931లో ఆమె పోయాక, వీలునామా ప్రకారం ఇల్లు ఎన్.ఏ.ఏ.సి.పి.కి చెందింది. ఆ ఖర్చు భరించలేక సంస్థ అమ్మేసింది. 1932 నుంచి 1980ల దాకా అది వృద్ధాశ్రమం. 1976లో జాతీయ చారిత్రక కట్టడంగా ప్రకటించారు. 2018లో నల్లజాతి స్త్రీల వ్యాపారాలకు తోడ్పడే న్యూ వాయిసెస్ ఫౌండేషన్ దాన్ని కొన్నది.

కట్టడాల జాబితాలు కట్టించినవాళ్ళను, గీసినవాళ్ళను గుర్తుపెట్టుకుంటాయి. వృద్ధాశ్రమపు దశాబ్దాలు వాటిలో ఒక్క వాక్యం. అక్కడ ఒంటరిగా వృద్ధాప్యం గడిపినవాళ్ళూ, వాళ్ళ దుప్పట్లు ఉతికినవాళ్ళూ ఆ వాక్యంలో లేరు. ఆ ఇంటి యజమానురాలు కూడా ఒకప్పుడు అలాంటి ఉతికే మనిషే. ఆమె చరిత్రకు ఎక్కింది డబ్బు సంపాదించాక. సంపాదించకుండా ఉతుకుతూనే మిగిలిపోయిన స్త్రీల ఇళ్ళకు ఏ ఫలకమూ లేదు. స్త్రీల చరిత్ర రాయడమంటే వాకర్ మేడను ఇర్వింగ్ ఇంటి పక్కన నిలబెట్టడంతో పూర్తయ్యే పని కాదు. మేడ దాకా రాలేకపోయిన వాళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయో వెతకడం ఇంకా మిగిలే ఉంది.