లేని జంతువుల పెంపకము



పెంపుడు జంతువన నేమో మీకు నేను చెప్పవలసిన పని లేదు. కోడికూతతో లేచి పసులకు మేత వేసినవారు మీరు. ఈననున్న గేదెకడ రాత్రియెల్ల మేలుకొన్నవారు మీరు. కాని ఈనాడు నేను ముచ్చటింపబోవు జంతువులకు ప్రాణము లేదు, శరీరము లేదు, నీడయైనను లేదు. అవి గాజుపలకమీద మెరయు బొమ్మలు. అయినను వానికి ఆకలి వేయును, జబ్బు చేయును, యజమాని రాకున్న మొగము చిన్నబోవును. ఇట్టి జంతువులను గడచిన ముప్పది యేండ్లలో లోకమందలి కోట్లకొలది బాలబాలికలు పెంచిరి. ఆ పెంపకపు చరిత్రను జెప్పి, దాని మంచిచెడ్డలను తూచి చూపుట నా ఉద్దేశము. నేడు సెల్‌ఫోను లేని ఊరు లేదు గావున, ఇది దూరదేశపు ముచ్చట యని త్రోసివేయదగినది కాదు.

లేనిదానిని ఉన్నదిగా భావించి లాలించుట పిల్లలకు సహజము. మన ఆడుపిల్లలు లక్కపిడతలలో వంట చేసి బొమ్మలకు పెట్టుట, బొమ్మల పెండ్లిండ్లు చేసి ఇరుగుపొరుగులను పిలుచుట మన మెరిగినదే. అయితే మన బొమ్మ తనంతట తా నేమియు నడుగదు. పిల్ల నిద్రించినప్పుడు బొమ్మయు నిద్రించును. పిల్ల మరచిన బొమ్మయు ఊరకుండును. బొమ్మయే నోరు తెరచి 'నాకు ఆకలి వేయుచున్నది, రమ్ము' అని పిలువసాగిన నాడు ఆట స్వభావమే మారినది. ఆ నాడు వచ్చినది జపాను దేశమున.

1996వ సంవత్సరము నవంబరు 23వ తేదీన బందాయి అను జపాను కంపెనీ టమగొచ్చి యను ఆటవస్తువును అమ్మకమునకు పెట్టెను. అకిహిరో యొకోయి, అకి మైతా అనువారలు దాని కల్పనకు ముఖ్యులు. గ్రుడ్డు ఆకారము, మూడు మీటలు, నడుమ చిన్న తెర. ఇంతియే ఆ వస్తువు. తెరమీద గ్రుడ్డు పగిలి పిల్ల పుట్టును. దానికి తిండి పెట్టవలెను, మలము శుభ్రపరుపవలెను, జబ్బు చేసిన మందు వేయవలెను. అశ్రద్ధ చేసితిమా, అది చచ్చును. పిల్లలు దానిని బడికి గొనిపోగా, పాఠము నడుమ అది కూయసాగెను. అందువలన అనేక పాఠశాలలవారు దానిని నిషేధించిరి. అది చచ్చినప్పుడు నిజముగా కంటతడి పెట్టిన పిల్లలు ఎందరో. 1997లో, నవ్వించి ఆలోచింపజేయుటకై యిచ్చెడి ఇగ్ నోబెల్ బహుమానమును ఆర్థికశాస్త్ర విభాగమున పై యిరువురికి నిచ్చిరి. లక్షలాది పనిగంటలను లేని జంతువుల పోషణకు మరలించిరని అందులకు గారణము! పరిహాసమే యైనను అందొక సత్యము కలదు. పిల్లవాని ప్రేమ కాలమును ధారపోయును. ఆ కాలమునకు వెల కట్టవచ్చునని వర్తకులు అప్పుడు గుర్తించిరి.

అప్పటికి అంతర్జాలము, అనగా దేశదేశముల కంప్యూటర్లను కలుపు వల, ఇండ్లలో ప్రవేశించుచుండెను. ఆడమ్ పవెల్ అను ఆంగ్లేయ యువకుడు నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున చదువుచు, 1997లో ఒక యూహ చేసెను. ఆ వలలో నొక కల్పిత లోకమును నిర్మించి, అందు జంతువులను పెంచుకొను ఏర్పాటు చేసిన నెట్లుండును? విసుగుచెందిన కళాశాల విద్యార్థులకు కాలక్షేపము, ప్రకటనల మూలమున తమకు కొంచెము డబ్బు, ఇదియే అతని సంకల్పము. డోనా విలియమ్స్ తో గూడి 1999 నవంబరు 15వ తేదీన ఆతడు నియోపెట్స్ అను పేర ఆ వెబ్‌సైటును తెరచెను. కాని అచ్చటికి వెల్లువగా వచ్చినవారు బాలురు, బాలికలు, పదునెనిమిదేండ్లు నిండని పడుచువారు.

ఆ కల్పిత లోకము ఎట్టిదో వినుడు. ప్రవేశమునకు రుసుము లేదు. వచ్చిన పిల్ల తనకు నచ్చిన జంతువును ఎన్నుకొని పేరు పెట్టును. దానికి తిండి కొనుటకు నియోపాయింట్లు అను నాణెములు కావలెను. చిన్న ఆటలాడి వానిని గడింపవలెను. అచ్చట అంగళ్లు కలవు. పిల్లలే అంగడి తెరచి వెల నిర్ణయించి అమ్మవచ్చును. బ్యాంకు కలదు, వాటాల బజారు కలదు. డబ్బు లేనివాని జంతువునకు ఉచితముగా పులుసు పోయు సత్రము కలదు. యజమాని ఊరికి బోవునప్పుడు జంతువును దింపుటకు పూటకూళ్ల యిల్లు కలదు. వద్దనుకొన్న జంతువును వదలుటకు బందెలదొడ్డి వంటి తావు కలదు. అచ్చటినుండి మరియొకరు దానిని తెచ్చి పెంచుకొనవచ్చును. టమగొచ్చికిని దీనికిని గల గొప్ప భేదమేమనగా, ఇచ్చటి జంతువు ఎంత మాడినను చావదు. 'చావబోవుచున్నది' అని పలకమీద వ్రాయబడును గాని ప్రాణము పోదు.

న్యాయముగా జెప్పవలెనన్న ఆ లోకమువలన మేలు కలిగినది. బేరసారములు, నిలువయు ఖర్చును, ఆశపడి కొని నష్టపోవుట మొదలగునవి పిల్లలు అచ్చట కల్పిత ధనముతో నేర్చిరి. చేయి కాలినను ఇల్లు కాలలేదు. తమ అంగడిని, తమ జంతువు పుటను అలంకరించుకొనుటకు వెబ్ పుటలను కూర్చు సంకేతభాష నేర్చుకొనవలసి యుండెను. అచ్చట ఆ విద్యకు ఓనమాలు దిద్ది తరువాత దానినే జీవనవృత్తిగా గైకొంటిమని చెప్పువారు నేడు అనేకులు కలరు. వారిలో స్త్రీలు పెక్కుమంది. కథలు వ్రాయించి ప్రకటించు పత్రికయు అచ్చట నుండెను. పిల్లలను ఊరక చూచువారినిగా గాక చేయువారినిగా చేసిన ఆటయని దానిని మెచ్చుకొనవలెను.

ఇక రెండవ ప్రక్క చూతము. 2000వ సంవత్సరమున విపణి పరిశోధన వృత్తిగా గల డగ్ డోరింగ్ అను అమెరికా వ్యాపారి, మరికొందరు మదుపుదారులు కలిసి దానిని కొని కంపెనీగా నేర్పరచిరి. అంతట ప్రకటనలు క్రొత్తరూపు దాల్చెను. గోడమీద అంటించిన కాగితమైనచో చూచువాడు అది ప్రకటనయని ఎరుగును. ఇచ్చటనో, ప్రకటనయే ఆటయైనది. పలహారముల కంపెనీవారి పేర ఆటలు వెలసెను. ఆ యాట ఆడిన నాణెములు వచ్చును, నాణెములతో జంతువు కడుపు నిండును. 2004లో మెక్‌డొనాల్డ్స్ భోజనశాలలలో పిల్లల భోజనముతోబాటు ఈ జంతువుల బొమ్మల నిచ్చిరి. పెద్దవానికే ప్రకటన మర్మము తెలియుట కష్టము. ఎనిమిదేండ్ల పిల్ల యెట్లు తెలిసికొనగలదు? దీనికి తోడు చక్రము త్రిప్పి అదృష్టము చూచుకొనుట, చీటి గీకి బహుమానము వెదకుట వంటి జూదపుటాటలును అచ్చట కలవు. బ్యాంకు వడ్డీ సయితము ఆనాడు స్వయముగా వచ్చి పుచ్చుకొన్నవారికే దక్కును. రానివానికి ఆ దినపు వడ్డీ పోవును. పొదుపు నేర్పునట్లు కనబడు ఈ నియమము నిజమునకు దినదినము రప్పించు గాలము.

ఆ కల్పిత లోకమే అనేక పర్యాయములు చేతులు మారెను. 2005లో వయాకామ్ అను సంస్థ దానిని 16 కోట్ల డాలర్లకు కొనెను. ఇందు విచారింపుడు: ఒక్క జంతువైనను నిజముగా లేని దొడ్డికి పదునారు కోట్ల డాలర్లు! కొన్నది జంతువులను గాదు. వానిని పెంచు పిల్లల రాకపోకలను. 2007లో నిజమైన డబ్బుతో వస్త్రాలంకరణములు కొను అంగడి వెలసెను. 2014లో జంప్‌స్టార్ట్ అను సంస్థ దానిని గైకొనెను. 2020 చివర ఫ్లాష్ అను యంత్రసాధనము నిలిచిపోగా అనేకములైన పాత ఆటలు మూలబడెను. 2022 జులైలో సుమారు 6 కోట్ల 90 లక్షల ఖాతాల వివరములు దొంగల పాలయ్యెనని బయటపడెను. చిన్ననాట జంతువును పెంచి ఎన్నడో మరచిన వారి పేర్లు, పుట్టిన తేదీలు మొదలగునవి అందుండెను. జంతువు నకిలీదే గాని, దానికొరకు పిల్ల వ్రాసియిచ్చిన వివరములు నిజమైనవి. 2023లో జంప్‌స్టార్ట్ మూతపడగా, అచ్చటి నిర్వాహకులే కొందరు దానిని గైకొని స్వతంత్ర సంస్థగా నడుపసాగిరి.

ఇది యిట్లు నిలిచినది, నిలువనివియు కలవు. కెనడా దేశమున 2005లో క్లబ్ పెంగ్విన్ అను పిల్లల లోకము పుట్టెను. అందు పిల్లలు మంచుపక్షి రూపము దాల్చి, పఫిల్స్ అను చిన్న జంతువులను పెంచిరి. 2007లో డిస్నీ సంస్థ దానిని కొనెను; 2017 మార్చి 29వ తేదీన మూసివేసెను. కోట్లకొలది పిల్లలు ఆడిన ఆ లోకము ఒక్క పూటలో మాయమయ్యెను. మన యింటి కుక్క చనిపోయిన పెరటిలో గుంట తీసి పూడ్చి, దానికొరకు ఏడ్చి, క్రమముగా తేరుకొందుము. సంస్థ లెక్కలు కుదరక తుడిచివేయబడిన జంతువునకు గుంటయు లేదు, గురుతును లేదు.

కాబట్టి ఇట్టి ఆటను తూచుటకు నాలుగు రాళ్లు చాలునని నా తలంపు. మొదటిది: పిల్ల మానుకొనిన నేమగును? ఆట ఊరకుండునా, లేక భయపెట్టి పిలుచునా? రెండవది: ఖర్చు ఎవరు భరించుచున్నారు? ఉచితమైనచో ఎవని సొమ్ముతో ఉచితము? మూడవది: పిల్ల పేరు, వయస్సు, ఊరు ఎవరి లెక్కలలోనికి బోవుచున్నవి? నాలుగవది: పిల్ల అచ్చట నేర్చినది బయటకు వచ్చిన తరువాత మిగులునా? నియోపెట్స్‌ను ఈ రాళ్లతో తూచితినేని, నాలుగవదానియందు మంచి తూకము తూగును; మొదటిదానియందు నడిమితూకము, జంతువు చావదు గనుక; రెండు మూడింటియందు తేలిపోవును. మూడవదానియందు కంచెయే చేను మేయలేదు గాని కంచె చాల పలుచనైనది.

శాసనములు ఊరకుండలేదు. అమెరికాలో 1998లో చేసి 2000 ఏప్రిలులో అమలుపరచిన చట్టము ప్రకారము 13 ఏండ్లలోపు పిల్లల వివరములు పుచ్చుకొనుటకు తలిదండ్రుల అనుమతి కావలెను. అందువలన నియోపెట్స్‌వారు ఆ వయస్సువారిని తలిదండ్రుల సంతకపు పత్రము వచ్చువరకు ఇతరులతో సంభాషింపనీయలేదు. మన పార్లమెంటు 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లలోపు వారినందరిని పిల్లలుగనే యెంచి, పెద్దల అనుమతి యుండవలెననియు, పిల్లల జాడలు పట్టి వారికి గురిచేసిన ప్రకటనలు చూపరాదనియు విధించినది. కాని చట్టము చేయగలిగినది ఒక్కటే: పెద్దల సంతకము అడుగుట. చదువక పెట్టిన సంతకము వలన బిడ్డకు రక్షణ లేదు. పత్రము చదివించుకొనక భూమి వ్రాసియిచ్చినవాని గతి మీరెరుగనిది కాదు గదా!

మీ మనుమడు ఫోనులో నేదో జంతువునకు మేత పెట్టుచు గానవచ్చిన, ఫోను లాగికొని కోపించుటకు మున్ను ప్రక్కన గూర్చుండి ఆ జంతువు పేరడుగుడు. అదేమి తినును, తిండి కొనుటకు డబ్బెక్కడిది, అది యెవరిదని విచారింపుడు. పిల్లవాడు చెప్పును, చెప్పుచునే తానును ఆలోచించును. అటుపిమ్మట వానిని దొడ్డిలోనికి బిలిచి లేగదూడ తాడు చేతికిండు. నకిలీ జంతువునకైనను వేళకు తిండి పెట్టవలెనని తలచిన ఆ మనస్సు మంచిదే. అది యెవరికో సరుకు గాకుండ కాపాడుట మన పని.