బయానా ఇస్తున్నారా? అగ్రిమెంట్‌లో ఈ లైన్ ఉందో లేదో ముందు చూసుకోండి!

రిటైర్ అయితే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. అందుకే గోదావరిఖనిలో గ్రాట్యుటీ డబ్బులు చేతికి రాగానే చాలామంది సింగరేణి కార్మికులు వెతికేది సొంతిల్లే. మధ్యవర్తి ఇల్లు చూపిస్తాడు, బేరం కుదురుతుంది, స్టాంప్ పేపర్ మీద రాసుకుని బయానా ఇచ్చేస్తారు. లాయర్ దగ్గరికి పోయేది ఆ తర్వాత! అసలు చిక్కంతా అక్కడే.

కాగితాలు సరిగా లేవని లాయర్ తేల్చినా, బ్యాంకు లోన్ ఇవ్వనన్నా 'వెనక్కి తగ్గింది మీరే' అంటూ అమ్మేవాళ్లు బయానా ఆపేస్తారు. దీనికి విరుగుడు లీగల్ ఒపీనియన్ షరతు. 'కొనేవారి అడ్వకేట్ 15 రోజుల్లోగా పత్రాలు చూసి రాతపూర్వకంగా సరే అనాలి. అభ్యంతరం చెబితే అగ్రిమెంట్ రద్దు, బయానా మొత్తం వాపస్' అని రాయించుకోవాలి. ఇలాంటి షరతులతో కూడిన ఒప్పందాలను 1872 కాంట్రాక్ట్ చట్టం గుర్తిస్తుంది. అమెరికాలో చికాగో వైపు ఇల్లు కొన్న మనవాళ్లకు 'అటార్నీ రివ్యూ' తెలిసే ఉంటుంది. అక్కడ అచ్చు ఫారాల్లోనే ఇది ఉంటుంది. ఇక్కడ మాత్రం అడిగి రాయించుకుంటేనే!

రామగుండం ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. గనుల కోసం తీసుకున్న భూములు ఒకపక్క, అసైన్డ్ భూములు ఇంకోపక్క. సింగరేణి ప్రభుత్వానికి అప్పగించిన స్థలాల్లో జీవో 76 కింద క్రమబద్ధీకరణ కోరుకునే ఇళ్లు వేరు. వట్టి నోటరీ కాగితం మీద చేతులు మారినవి మరికొన్ని. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలాంటి డాబాలే. అసైన్డ్ భూమి అమ్మకంపై 1977 చట్టం నిషేధం ఉంది. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. కరెంట్ బిల్లు, ఇంటి పన్ను రసీదు చూపించి 'ఇల్లు మాదే' అంటే నమ్మేయకండి, అవి హక్కు పత్రాలు కావు.

లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, 22ఏ నిషేధిత జాబితా.. ఈ మూడూ లాయర్ తప్పక చూడాలి. ఆ లాయర్ మీవాడై ఉండాలి, మధ్యవర్తి తెచ్చినవాడు కాదు. అభ్యంతరం ఏంటో కూడా రాతలోనే తీసుకోండి. లేకపోతే వంక పెట్టి తప్పుకున్నారని అవతలివాళ్లు గొడవకు దిగొచ్చు. గడువు రాయకపోతే అమ్మేవాళ్లూ ఒప్పుకోరు, ఎన్నాళ్లని ఇల్లు ఆపుకుని కూర్చుంటారు?

బయానా మాత్రం తక్కువే ఇవ్వండి, అదీ చెక్కు లేదా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారానే.